ఆపరేషన్ తేదీ ఖరారైందా? చికిత్స మొదలైనట్టే

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక పేషెంటుకి అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట "ధైర్యంగా ఉండు". చుట్టాలు అంటారు, స్నేహితులు అంటారు, వార్డులో నర్సులూ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట విన్న మనిషికి చేయడానికి పనంటూ ఏమీ మిగలదు. రోజులు లెక్కపెట్టుకుంటూ, రాత్రిళ్లు నిద్రపట్టక దొర్లుతూ, ఆ రోజు రాగానే బ్యాగు సర్దుకుని బయల్దేరడమే. మా ఇంట్లో అమ్మకి మోకాలి మార్పిడి, పిన్నికి పొట్టలో పెద్ద ఆపరేషన్, ఆ తర్వాత నాకు హెర్నియా ఆపరేషన్ జరిగాయి. వాటిని దగ్గరుండి చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. తేదీ ఖరారైన రోజు నుంచి థియేటర్‌లోకి వెళ్లే దాకా ఉన్న రోజులు కూడా చికిత్సలో భాగమే. ఆ భాగం సర్జన్ చేతిలో కన్నా పేషెంటు చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఆ రోజుల్ని ఎలా వాడుకోవాలో చెప్పకుండా పేషెంటుని ఇంటికి పంపేయడం సగం వైద్యం చేయడమే.

ఇది నా ఒక్కడి నమ్మకమే అయితే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్లు చేయించుకోబోతున్న 441 మంది మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అందులో ఒక గుంపుకి సమాచారం ఉన్న చిన్న పుస్తకం ఇచ్చి పంపారు. రెండో గుంపుకి ఆ పుస్తకంతో పాటు, ఆపరేషన్‌కి ముందు ఒకే ఒక్కసారి, అరగంట సేపు ఫిజియోథెరపిస్టు ఎదురుగా కూర్చుని మాట్లాడారు. మత్తు తర్వాత ఊపిరితిత్తులకి ఏమవుతుందో వివరించి, తెలివి రాగానే చేయాల్సిన శ్వాస వ్యాయామం నేర్పారు. అంతకు మించి ఏమీ లేదు. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల సమస్యలు పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 27 శాతం మందికి వస్తే, ఆ అరగంట దొరికినవాళ్లలో 12 శాతం మందికి వచ్చాయి. కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. సగానికి సగం తేడా తెచ్చింది ఆ అరగంట మాటలే.

ఎందుకింత తేడా? పూర్తి మత్తులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల అడుగు భాగంలోని చిన్న చిన్న గాలి సంచులు కొన్ని ముడుచుకుపోతాయి. మెలకువ వచ్చాక అవి తెరుచుకోవాలంటే లోతుగా ఊపిరి తీసుకోవాలి. కానీ పొట్ట మీద కుట్లున్న మనిషి నొప్పికి భయపడి పైపైనే ఊపిరి పీలుస్తాడు, దగ్గు వస్తే ఆపుకుంటాడు. కఫం లోపలే ఉండిపోతుంది. అక్కడి నుంచి జ్వరం, న్యుమోనియా. ఆ శ్వాస వ్యాయామాన్ని ఆపరేషన్ అయ్యాక నేర్పొచ్చు కదా అనిపిస్తుంది. కానీ మత్తు పూర్తిగా దిగక, నొప్పి మందుల మగతలో ఉన్న మనిషికి ఏం చెప్పినా తలూపుతాడు కానీ బుర్రకెక్కదు. ముందే ఒంటికి అలవాటైతే అప్పుడు గుర్తొస్తుంది.

మా పిన్నికి ఓ ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇది ఓపిగ్గా నేర్పింది. పిన్ని రోజూ సాయంత్రం సోఫాలో నిటారుగా కూర్చుని, ఒక దిండు పొట్టకి గట్టిగా అదుముకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి నింపుకుని, రెండు మూడు సెకన్లు ఆపి వదిలేది. అలా కొన్నిసార్లు చేశాక దిండుని ఇంకా గట్టిగా పట్టుకుని ఒక్కసారి బలంగా దగ్గేది. ఆ దిండు కుట్ల మీద లాగుడు పడకుండా కాస్తుంది. మంచం మీంచి లేవడం కూడా ప్రాక్టీసు చేయించింది. వెల్లకిలా పడుకున్నవాళ్లం అలాగే లేవబోతే పొట్ట కండరాలు బిగుసుకుని ప్రాణం పోయినంత నొప్పి. అందుకని మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒకేసారి పక్కకి తిప్పి, కాళ్లు మంచం అంచు కిందికి జారుస్తూ, కింది మోచేతి మీదా పై అరచేతి మీదా బరువు మోపి లేవాలి. ఆపరేషన్ మర్నాడు నర్సు వచ్చి "లేచి కూర్చుందామా అమ్మా" అంటే, పిన్ని ఎవరూ చెప్పకుండానే పక్కకి తిరగడం నేను చూశాను. ఆ ముఖంలో నొప్పి ఉంది కానీ కంగారు లేదు.

ఇక మందుల సంగతి. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటాం అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మీరు వేసుకునే ప్రతి మందూ మత్తు డాక్టరుకి తెలియాలి. డాక్టరు రాసిచ్చినవే కాదు. నిద్ర మాత్రలు, గ్యాస్ మాత్రలు, విటమిన్లు, మూలికల గుళికలు, బరువు తగ్గడానికి తీసుకునేవి, ఎవరో మంచిదని చెబితే మొదలుపెట్టిన పొడులు, అన్నీ. లిస్టు రాసుకోవడం మంచిదే కానీ, అసలు సీసాలూ స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం ఇంకా మేలు. పేరు తప్పు రాస్తాం, డోసు మర్చిపోతాం, స్ట్రిప్పు మీద అచ్చయింది మాత్రం మారదు.

అమ్మ సంచి బల్ల మీద కుమ్మరించినప్పుడు బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలతో పాటు లేబుల్ లేని పొట్లాలు కొన్ని బయటపడ్డాయి. మాకెవరికీ తెలియదు. "అమ్మా, ఇవి ఎంతకాలంగా వేసుకుంటున్నారు?" అని అడిగారు డాక్టరుగారు. అమ్మ నావైపు ఓసారి చూసి, "మోకాళ్ల నొప్పికండీ, చాలాకాలం నుంచే" అంది మెల్లగా. డాక్టరుగారు కోప్పడలేదు. అలాంటి నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని, అదే నిజమైతే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుందని, ఆపరేషన్ ఒత్తిడికి బీపీ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉందని చెప్పారు. ఉన్నపళంగా ఆపేయవద్దని కూడా చెప్పి, ముందు రక్తపరీక్ష రాశారు. ఆ సంచి తీసుకెళ్లకపోయి ఉంటే ఆ పొట్లాల మాట ఎవరికీ తెలిసేదే కాదు. అమ్మ దృష్టిలో అవి "మందులు" కావు మరి.

మందు ఆపడంలోనూ, ఆపకపోవడంలోనూ ప్రమాదం ఉంటుంది. అందుకే ఇది సొంతంగా తేల్చుకునే విషయం కాదు. రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ లాంటిది ఆపాల్సి వస్తే సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు, క్లోపిడోగ్రెల్ కూడా దాదాపు అంతే. అదే క్లోపిడోగ్రెల్‌ని గుండెలో కొత్తగా స్టెంట్ వేయించుకున్న మనిషి పక్కింటివాళ్ల మాట విని ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లని చటుక్కున ఆపకూడదు. షుగర్‌కి వాడే ఎంపాగ్లిఫ్లోజిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరని మూత్రంలోకి పంపేసి పనిచేస్తాయి. అవి వేసుకుంటూ పస్తుంటే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. మీటరులో షుగర్ మామూలుగా కనపడుతున్నా ఇది జరగవచ్చు కాబట్టి మరీ మోసం చేస్తుంది. అందుకే ఈ రెండింటినీ కనీసం 3 రోజుల ముందు ఆపాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో లేబుళ్లు మార్పించింది. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లలో పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. చెప్పిన గంటలన్నీ పస్తున్నా కడుపులో ఇంకా ఆహారం ఉండిపోవచ్చు. అది మత్తు డాక్టరుకి ముందే తెలిస్తే దానికి తగ్గ జాగ్రత్త తీసుకుంటారు, తెలియకపోతే ఏం తీసుకుంటారు?

మందుల్లాగే అలవాట్లు కూడా. సిగరెట్టు, మద్యం, ఇతర మత్తు పదార్థాలు. ఇంటివాళ్ల ముందు చెప్పడానికి ఇబ్బందైతే, "ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనండి. మీ మంచిచెడ్డలు తూచడానికి కాదు డాక్టరు అడిగేది. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. అది ముందే తెలిస్తే నివారించగలరు. కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఒళ్లు విపరీతంగా కాలిపోవడమో, మత్తు దిగాక చాలాసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోవడమో జరిగిందా అన్నది కూడా కనుక్కుని చెప్పాలి. అవి వంశంలో వచ్చే లక్షణాలు అయ్యుండొచ్చు. కదిలే పన్ను, కట్టుడు పళ్లు, గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగడం, ఏ మందు పడదో ఆ పేరు, పడకపోతే ఏమయిందో ఆ వివరం, ఇవన్నీ అడక్కపోయినా చెప్పాల్సినవే.

"ఇవన్నీ డాక్టర్లు చూసుకోరా?" అని ఎవరైనా అడగొచ్చు. చూసుకుంటారు. కానీ ఎదురుగా కనపడేదీ, కాగితంలో ఉన్నదీ మాత్రమే చూడగలరు. సర్జను, మత్తు డాక్టరు, వార్డు నర్సు, మీకు ఏళ్ల తరబడి షుగర్‌కి మందులిచ్చే డాక్టరు, వీళ్లందరినీ కలిసేది మీరొక్కరే. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరిందో లేదో కనిపెట్టుకుని ఉండగలిగిందీ మీరూ మీ ఇంటివాళ్లే. అలాగని ఏదైనా తేడా జరిగితే అది పేషెంటు సరిగ్గా సిద్ధం కాకపోవడం వల్లేనని నేను అనడం లేదు. అన్నీ పద్ధతిగా చేసినవాళ్లకీ ఇన్ఫెక్షన్ వస్తుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. ప్రమాదం లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. తగ్గించుకోగలిగినంత తగ్గించుకునే అవకాశం ప్రతి పేషెంటుకీ అందాలన్నదే నా వాదన.

పస్తు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "రాత్రి పన్నెండు తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దు" అనే మాట ఇప్పటికీ చాలాచోట్ల వినపడుతుంది. ఈ భయానికి మూలం ఉంది. 1946లో కర్టిస్ మెండెల్సన్ అనే అమెరికన్ డాక్టరు, కాన్పు సమయంలో మత్తు ఇచ్చినప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల వచ్చే ప్రమాదాన్ని వివరంగా రాశారు. ప్రమాదం నిజమే. అయితే నీళ్లలాంటి తేట ద్రవాలు పొట్టలోంచి చాలా త్వరగా కిందికి దిగిపోతాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం, వేరే సమస్యలు లేనివాళ్లు తేట ద్రవాలు మత్తుకి 2 గంటల ముందు దాకా తాగొచ్చు. తేలికపాటి ఆహారానికి 6 గంటలు, వేపుళ్లూ మాంసం లాంటివాటికి 8 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ ఎడం ఉండాలి. తల్లిపాలకి 4 గంటలు.

మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్ ఉన్న మనిషిని అర్ధరాత్రి నుంచి నాలిక పిడచకట్టేలా ఎండబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. దాహం, తలనొప్పి, నీరసం, సెలైన్ ఎక్కించడానికి నరం దొరక్కపోవడం, పెద్దవాళ్లలో బీపీ పడిపోవడం తప్ప. కాబట్టి "నా ఆపరేషన్ ఎన్నింటికి? నీళ్లు ఎన్ని గంటల దాకా తాగొచ్చు?" అని అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాలు కలిపిన టీ, కాఫీ తేట ద్రవాలు కావు. గ్లాసు అవతల ఏముందో కనపడేది తేట ద్రవం. పాలు పొట్టలో గట్టిపడతాయి కాబట్టి వాటిని ఆహారం కింద లెక్కేసి 6 గంటలు ఆగాలి. గర్భిణులకీ, పుల్లతేన్పులూ రిఫ్లక్స్ ఎక్కువగా ఉన్నవాళ్లకీ, షుగర్ వల్ల పొట్ట కదలికలు మందగించినవాళ్లకీ లెక్క మారవచ్చు. మీ మత్తు డాక్టరు ఇచ్చిన టైమే మీకు చివరి మాట. పొరపాటున ఏదైనా తిన్నా, తాగినా దాచకుండా చెప్పేయండి. ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, మహా అయితే వాయిదా పడుతుంది. దాచితే ప్రాణం మీదికి రావచ్చు.

సిగరెట్టు విషయంలో ఒక పాత అపోహ ఉంది. ఆపరేషన్ దగ్గరపడ్డాక మానేస్తే కఫం పెరిగి ఇంకా నష్టమని. ఆ భయానికి ఆధారం లేదని 2011లో వచ్చిన ఒక సమీక్ష చూపించింది. ఎప్పుడు మానినా మంచిదే, ఎంత ముందు మానితే అంత మంచిది. మానిన ఒక్క రోజులోనే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గి, ఆక్సిజన్ మోసే శక్తి పెరుగుతుంది. ఊపిరితిత్తులు తేరుకోవడానికీ, గాయం సరిగ్గా మానడానికీ నాలుగు వారాలు, అంతకన్నా ఎక్కువ కావాలి. డెన్మార్క్‌లో తుంటి, మోకాలి మార్పిడికి సిద్ధమవుతున్న 120 మంది పొగతాగేవాళ్లతో చేసిన పరిశోధన ఒకటి 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్లలో కొందరికి 6 నుంచి 8 వారాల ముందు నుంచే మానడానికో, తగ్గించడానికో నర్సుల సాయం, నికోటిన్ ప్రత్యామ్నాయాలు ఇచ్చారు. వాళ్లలో 18 శాతం మందికి ఆపరేషన్ తర్వాతి సమస్యలు వస్తే, ఆ సాయం అందనివాళ్లలో 52 శాతం మందికి వచ్చాయి. ఇందులో నాకు ముఖ్యంగా కనపడేది ఆ "సాయం". "మానేయండి" అని చీటీ మీద రాసి ఇవ్వడం వేరు, వారం వారం పిలిచి మాట్లాడటం వేరు.

రక్తహీనత, షుగర్, ఒంట్లో సత్తువ. ఈ మూడూ ఆపరేషన్ ముందురోజు పరీక్ష చేసి కనుక్కుంటే పెద్దగా ఉపయోగం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో హిమోగ్లోబిన్ మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. దానికి కారణం వెతకాలి, ఐరన్ లోపమైతే పూడ్చాలి. మాత్రలతో అయితే వారాలు పడుతుంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 8.5 శాతం దాటితే, అత్యవసరం కాని ఆపరేషన్లని షుగర్ అదుపులోకి వచ్చేదాకా ఆపడం గురించి చాలాచోట్ల ఆలోచిస్తారు. ఎక్కువ షుగర్‌లో గాయం మానదు, ఇన్ఫెక్షన్ సులువుగా పడుతుంది. అందుకే ఈ రక్తపరీక్షలు తేదీ ఇచ్చిన రోజే చేయించాలి. అమ్మకి షుగర్ ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేసినప్పుడు ఇంట్లో అందరూ నీరుగారిపోయారు. అమ్మకైతే అవమానంగా కూడా తోచింది. కానీ ఆ వాయిదా వల్లే షుగర్ దారికొచ్చింది. మంచి కారణంతో వేసిన వాయిదా కూడా వైద్యమే. క్యాన్సర్ లాంటివాటిలో అంత ఆగే వీలుండదు, నిజమే. అక్కడ కూడా దొరికిన రెండు మూడు వారాలు నడవడానికి, కడుపు నిండా ప్రోటీన్ ఉన్న తిండి తినడానికి, శ్వాస వ్యాయామానికి పనికొస్తాయి.

సత్తువ అంటే జిమ్ముకి పొమ్మని కాదు. "రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా?" అని మత్తు డాక్టర్లు అడుగుతుంటారు. పెద్ద ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తులు మోయాల్సిన భారం దాదాపు అలాంటిదే కాబట్టి. రోజూ కాస్త ఆయాసం వచ్చేంత వేగంగా, అయినా మాట్లాడగలిగేలా నడవండి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం తొడ కండరాలకి మంచి పని. మోకాలి ఆపరేషన్‌కి ముందే ఆ వ్యాయామాలు నేర్చుకుంటే తర్వాత అవే చేయించినప్పుడు కొత్తగా ఉండదు. నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు మాత్రం వ్యాయామం మొదలుపెట్టకముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. బరువు తగ్గాలని ఈ సమయంలో కడుపు మాడ్చుకోవద్దు. గాయం మానడానికి ఒంటికి పోషణ కావాలి.

సంతకాల సంగతికి వస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నా హెర్నియా ఆపరేషన్ నాటి ఉదయం, అడ్మిషన్ కౌంటర్ దగ్గర కాగితాల కట్ట ఇచ్చి, పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. వెనక క్యూ ఉంది. చదివే టైము లేదు, చదివినా అడగడానికి ఎదురుగా డాక్టరు లేరు. దీన్ని అంగీకారం అనలేం. ఆపరేషన్ వల్ల నాకు కలిగే మేలు ఏంటి, ప్రమాదాలేంటి, వేరే దారులేమైనా ఉన్నాయా, ఇప్పుడు చేయించుకోకపోతే ఏమవుతుంది? ఈ నాలుగు ప్రశ్నలూ తేదీ ఇవ్వకముందే మాట్లాడుకోవాల్సినవి. చివరి ప్రశ్నని చాలామంది అడగరు, డాక్టరు ఏమనుకుంటారోనని. పెద్దగా ఇబ్బంది పెట్టని హెర్నియా ఉన్న మగవాళ్లు కొంతకాలం దాన్ని గమనిస్తూ ఉండటం కూడా వైద్యులు ఒప్పుకున్న దారే. నాకు నొప్పి ఉంది కాబట్టి ఆపరేషనే సరైనదయింది. అయినా ఆ దారి ఉందని నాకు ముందే తెలియాలి కదా. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్లండి. కంగారులో మనం విన్నది సగమే, మిగతా సగం పక్కనున్నవాళ్లు వింటారు.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. ముందురోజో, ఆ ఉదయమో సబ్బుతో శుభ్రంగా స్నానం చేయాలి. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో బ్లేడుతో గీయకండి. కంటికి కనపడని గాట్లు పడి ఇన్ఫెక్షన్‌కి దారిస్తాయి. జుట్టు తీయడం తప్పనిసరైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. గోళ్ల రంగు, నగలు, కాంటాక్టు లెన్సులు తీసేయాలి. జలుబు, జ్వరం, చర్మం మీద కురుపు, మూత్రంలో మంట లాంటివి కొత్తగా వస్తే ఆ రోజు దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలి. థియేటర్ దాకా వెళ్లేలోపు మీ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రత చెక్‌లిస్టులో అది భాగం. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. కుడి, ఎడమ ఉన్న ఆపరేషన్ అయితే మీరు మెలకువగా ఉన్నప్పుడే ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పెట్టకపోతే మీరే గుర్తుచేయండి.

టెన్షన్ గురించి ఇంతసేపూ మాట్లాడలేదు, కావాలనే. పై పనులు చేస్తున్న మనిషికి టెన్షన్ సగం దానంతటదే దిగుతుంది. మిగతా సగానికి కావలసింది నిజం. మెలకువ వచ్చేటప్పటికి గొంతు మంటగా ఉండొచ్చు, గొట్టం వేసి ఉంటారు కాబట్టి. మూత్రానికి ట్యూబు ఉండొచ్చు, వెళ్లాల్సి వచ్చినట్టే అనిపిస్తుంది. చలితో వణుకు రావచ్చు. గాయం పక్కన డ్రెయిన్ గొట్టం వేలాడొచ్చు. ఇవేవీ ముందు చెప్పకపోతే కళ్లు తెరిచిన మనిషి, ఏదో తప్పు జరిగిందనుకుంటాడు. 1964లోనే అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ మత్తు డాక్టర్లు, పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న 97 మందితో ఒక పరిశోధన చేశారు. కొందరికి నొప్పి ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, ఎందుకొస్తుంది, ఎలా కదిలితే తగ్గుతుంది అన్నది ముందే కూర్చుని చెప్పారు. వాళ్లకి నొప్పి మందు దాదాపు సగం సరిపోయింది. ఇంటికి కూడా సగటున 2.7 రోజులు ముందే వెళ్లారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ కాసేపటి మాటలు ప్రతి పేషెంటుకీ దొరకడం లేదంటే, దానికి టైము లేకపోవడం అన్న సాకు నేను ఒప్పుకోలేను. కాబట్టి మీరే అడగండి: "కళ్లు తెరిచేసరికి నాకు ఏమేం ఉంటాయి? నొప్పికి ఏం ఇస్తారు? చాలకపోతే ఎవర్ని అడగాలి?"

పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు కొందరు వృద్ధులు అయోమయంలో పడతారు. పగలో రాత్రో తెలియదు, కన్నబిడ్డనే గుర్తుపట్టరు. ఇంటివాళ్లు హడలిపోతారు. దీన్ని తగ్గించడానికి ఆసుపత్రి చేసేది కొంత, మనం చేయగలిగేది కొంత. కళ్లద్దాలు, వినికిడి యంత్రం మత్తు దిగగానే తిరిగి పెట్టడం, పక్కన తెలిసిన ముఖం ఉండటం, ఇవాళ ఏ వారమో ఎక్కడున్నామో మాటల్లో చెబుతుండటం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం. కళ్లద్దాలు బీరువాలో భద్రంగా పెట్టి వెళ్లడం చాలామంది చేసే పని. ఒక డబ్బా మీద పేరు రాసి, అందులో పెట్టి వెంట తీసుకెళ్లండి.

ఇల్లు కూడా ముందే సర్దాలి. రోజూ వాడే వస్తువులు వంగకుండా, చేయి పైకెత్తకుండా అందే ఎత్తులో ఉండాలి. కాలికి తగిలే డోర్‌మ్యాట్లు, వైర్లు తీసేయాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి వెలుతురు ఉండాలి. పూర్తి మత్తు ఇస్తే అదే రోజు ఇంటికొచ్చినా 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, ఆ రాత్రి పెద్దవాళ్లొకరు తోడుండాలి. ఆ తోడెవరో ముందే మాట్లాడుకోండి. నొప్పికి బలమైన మందులిస్తే చాలామందికి మలబద్ధకం వస్తుంది, దానికేం చేయాలో మందులు రాసేటప్పుడే అడగండి. డిశ్చార్జ్ రోజు అందరూ హడావిడిలో ఉంటారు కాబట్టి అప్పుడు అడగాల్సినవి కూడా ఆపరేషన్‌కి ముందే అడిగేయడం మేలు. ఎంత జ్వరమైతే ఫోన్ చేయాలి? కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, వాసన, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం కనపడితే ఎవరికి చెప్పాలి? ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. మిగతావాటికి, అర్ధరాత్రి రెండింటికి చేసినా ఎత్తే నంబరు ఏది? ఆ నంబరు మీ ఫోన్‌లోనూ, ఆ రాత్రి తోడుండే మనిషి ఫోన్‌లోనూ ఎక్కించి, ఆపరేషన్‌కి ముందే ఒకసారి చేసి చూడండి. ఎత్తకపోతే వేరే నంబరు అడిగి తీసుకోవడానికి అప్పటికింకా టైముంటుంది.